పాత సైకిలుకు కొత్త సీటు పిల్లర్: కొలత ఫ్రేము లోపల ఉంది

పాత సైకిలును తిరిగి రోడ్డెక్కించాలనుకునేవారు చక్రాలూ బ్రేకులూ చైనూ తిప్పలు పెడతాయని ముందే సిద్ధపడతారు గానీ, సీటు కింద నిలబడే జానెడు గొట్టం నెలల తరబడి పని ఆపేయగలదని మొదట ఎవరూ ఊహించరు. సైకిలు షాపుల్లో దీన్ని సీటు పిల్లర్ అంటారు, కొన్ని ఊళ్లలో సీటు కడ్డీ అంటారు. ఫ్రేములోని నిలువు గొట్టంలోకి దిగి పైన సీటును మోసే ఈ భాగానికి పళ్లు లేవు, మరలు లేవు, తిరిగేదంటూ ఏదీ లేదు. అయినా దాని వ్యాసంలో 0.2 మి.మీ. తేడా వస్తే, అంటే మనం రాసుకునే కాగితాలు రెండు కలిపితే వచ్చేంత మందం తేడా వస్తే, పిల్లర్ లోపలికి దిగనైనా దిగదు, లేదా దిగి నిలవకుండా జారుతుంది. ఇంత సాదా వస్తువుకు ఇన్ని సైజులు ఎందుకు పుట్టాయో, దొరకని సైజును లేత్ మీద సురక్షితంగా ఎలా చేయించుకోవచ్చో వివరించడం ఈ వ్యాసం ఉద్దేశం.

నేను చెప్పబోయేదానికి ఆధారం 1970ల నాటి ఒక ఫ్రెంచి ఫ్రేము. ప్యుజో పి.ఎక్స్-10 అనే ఆ సైకిలును ఫ్రాన్సులో ఉద్యోగం చేసి తిరిగివచ్చిన మా బావగారు తనతో తెచ్చుకున్నారు. ప్యుజో ఆ రోజుల్లో పందేల్లో పెద్ద పేరు. 1975లోనూ 1977లోనూ టూర్ ద ఫ్రాన్స్ గెలిచిన బెర్నార్ తెవెనే ఆ జట్టు రైడరే. పి.ఎక్స్-10 అదే కంపెనీ మామూలు కొనుగోలుదారుకు అమ్మిన పందెపు సైకిలు. ఫ్రేము గొట్టాలు ఇంగ్లండులోని రేనాల్డ్స్ వారి 531 ఉక్కువి, కొలతలు మాత్రం ఫ్రెంచి మెట్రిక్ పద్ధతిలోవి. నా చేతికి వచ్చేసరికి అందులో అసలు పిల్లర్ లేదు. ఎవరో దానికంటే సన్నని పిల్లర్ వేసి, చుట్టూ రేకు ముక్క చుట్టి, సీటు బోల్టును బలమంతా పెట్టి బిగించారు. పది నిమిషాలు తొక్కితే సీటు వేలెడు కిందికి దిగిపోయేది.

సైజుల చిక్కు విప్పాలంటే ముందు ఒక చిన్న లెక్క అర్థం కావాలి. సైకిలు ఫ్రేములో గొట్టం బయటి వ్యాసం స్థిరంగా ఉంటుంది, ఎందుకంటే గొట్టాలను కలిపే లగ్గుల రంధ్రాలు ఆ కొలతకే తయారవుతాయి. మారేది గోడ మందం. ఖరీదైన ఫ్రేముకు పలుచని గోడ, చవక ఫ్రేముకు మందపు గోడ. బయటి వ్యాసం మారకుండా గోడ మందం మారితే లోపలి వ్యాసం మారక తప్పదు, పిల్లర్ దిగేది ఆ లోపలికే. అంటే పిల్లర్ సైజును నేరుగా ఎవరూ నిర్ణయించలేదు. ఎవరో ఎంచుకున్న గోడ మందం నుంచి అది మిగులుగా వచ్చింది.

ఇంగ్లీషు పద్ధతిలో సీటు గొట్టం బయటి వ్యాసం ఇంచీ రెండణాలు, అంటే ఒక ఇంచీ మీద ఎనిమిదో వంతు, 28.6 మి.మీ. రేకుల మందాన్ని గేజి అంకెలతో చెప్పడం వారి అలవాటు, అంకె పెరిగేకొద్దీ మందం తగ్గుతుంది. 18 గేజి గోడ 1.22 మి.మీ. మందం కనుక రెండు వైపులా తీసేస్తే లోపల సుమారు 26.1 మిగులుతుంది, దానికి 26.0 పిల్లర్ సరిపోతుంది. 20 గేజి అయితే గోడ 0.91, లోపల 26.75, పిల్లర్ 26.6. 22 గేజికి 27.0, 24 గేజికి 27.2. రేనాల్డ్స్ వారు 1897లోనే పేటెంటు పొందిన పద్ధతి ఒకటుంది: గొట్టం బయటి నుంచి సమంగా కనిపిస్తుంది గానీ, బలం అవసరమైన కొసల దగ్గర మాత్రం లోపల గోడ మందంగా ఉంటుంది. 1935లో వచ్చిన 531 గొట్టాలకు ఆ పద్ధతి కలిసి మంచి ఇంగ్లీషు ఫ్రేములో సీటు గొట్టం కింది కొస మాత్రమే మందంగా ఉండి, పై కొస 24 గేజికి పలచబడింది. 27.2 అనే సైజు ఈనాటికీ షాపుల్లో సులువుగా దొరకడానికి మూలం ఆ పలుచదనమే.

ఫ్రెంచివారి గొట్టం బయటి వ్యాసం 28.0 మి.మీ. మాత్రమే. గోడ 0.7 అనుకుంటే లోపల 26.6, పిల్లర్ 26.4. మా పి.ఎక్స్-10 లెక్క ఇదే. 27.2 పిల్లర్ అందులోకి ఎలాగూ దిగదు, 26.2 పిల్లర్ వేస్తే నిలవదు. రెండు దేశాల మధ్య 0.6 మి.మీ. అంత బయటి తేడాయే, యాభై ఏళ్ల తరవాత విజయవాడలో నన్ను దుకాణం నుంచి దుకాణానికి తిప్పింది.

మన ఇళ్లలో చాలావరకు కనిపించే పాత సైకిళ్లు ఈ పందెపు కోవకు చెందినవి కావు. ర్యాలీ, హంబర్, హెర్క్యులిస్, ఫిలిప్స్ వంటి ఇంగ్లీషు రోడ్‌స్టర్లు, వాటి అచ్చులోనే ఆసన్‌సోల్‌లో సేన్-ర్యాలీ, మద్రాసు దగ్గరి అంబత్తూరులో 1949లో స్థాపించిన టి.ఐ. సైకిల్స్ తయారుచేసినవి మనకు తెలిసినవి. వాటి గొట్టాలు మందం కనుక పిల్లర్ సాధారణంగా ఒక ఇంచీ, 25.4 మి.మీ. ఉంటుంది, పై మెడ మాత్రం సీటు క్లిప్పు పట్టడానికి 22.2 మి.మీ.కి సన్నబడుతుంది. ఆ సైజు ఇప్పటికీ బజారులో దొరుకుతుంది, కనుక అక్కడ లేత్ పని అరుదు. అయితే ఒక హెచ్చరిక అవసరం: ఆ సైకిళ్లలో చాలావాటికి వెనక చక్రం మీదుగా పైకి వచ్చే రెండు సన్నని పుల్లలు కూడా సీటు బోల్టుకే బిగించి ఉంటాయి. పిల్లర్ కోసం బోల్టు పూర్తిగా ఊడదీస్తే ఆ పుల్లలు పక్కకు జరుగుతాయి, తిరిగి వాటి చోట కూర్చోబెట్టకుండా బోల్టు బిగిస్తే చక్రం ఒక పక్కకు లాగుతుంది. అనుభవమున్న మెకానిక్కు ఇది చెప్పనక్కర్లేదు, ఇంట్లో చేసుకునేవారికి మాత్రం తప్పక చెప్పాలి.

కొలవడం దగ్గర నేను చేసిన పొరపాటు దాచదలచుకోలేదు, ఎందుకంటే చాలామంది చేసేది అదే. వెర్నియర్ దవడలను గొట్టం మూతిలో పెట్టి చూశాను, 26.2 అని చూపింది. దానికి తగ్గట్టు 26.0 పిల్లర్ చేయించాను. అది మూతి దగ్గర గట్టిగా పట్టింది, లోపల మాత్రం కింది కొస కదులుతూనే ఉంది. సీటు ముక్కు పట్టుకుని ముందుకూ వెనక్కూ ఊపితే లోపల టిక్కుటిక్కుమని చప్పుడు వినిపించేది. కారణం తరవాత తెలిసింది. సన్నని పిల్లర్‌ను నిలబెట్టడానికి పాత యజమాని బోల్టును అతిగా బిగించినందువల్ల లగ్గు వెనకనున్న చీలిక రెండు చెవులూ దగ్గరకు వంగిపోయాయి, గొట్టం మూతి నలిగి చిన్నదైంది. ఆ మూతికి రెండంగుళాల లోపల అసలు వ్యాసం చెక్కుచెదరకుండా 26.6గానే ఉంది. ఫ్రేము నిజం చెబుతూనే ఉంది, నేను తప్పు చోట అడిగాను.

అందుచేత కొలతకు ముందు గొట్టాన్ని సిద్ధం చేయడం తప్పనిసరి. ముందు లోపలి తుప్పు, పాత గ్రీజు, పెయింటు చుక్కలు తీసేయాలి, చీలిక అంచున లోపలికి లేచిన ఇనుప మొనలను సన్నని ఆకురాయితో నున్నగా చేయాలి. తరవాత మూతి దగ్గర ఒకసారి, 50 మి.మీ. లోతున ఒకసారి, వీలైతే 80 దగ్గర మరొకసారి, ప్రతిచోటా ముందు-వెనక దిశలోనూ ఎడమ-కుడి దిశలోనూ కొలవాలి. వెర్నియర్ దవడలు అంత లోతుకు చేరవు కనుక గొట్టం లోపలి వ్యాసాన్ని లోతున కొలిచే బోర్ గేజి కావాలి. అది లేని చోట ఆటోనగర్‌లోని లేత్ మేస్త్రీ నాకు చూపిన ఉపాయం అంతకంటే నమ్మకమైనదని ఇప్పుడు నా అభిప్రాయం. ఆయన ఒక ఇనుప కడ్డీని మెట్లు మెట్లుగా కోశాడు. కొస దగ్గర 26.0, తరవాత 26.2, ఆపైన 26.4, 26.6, 26.8. ఒక్కో మెట్టు పాతిక మి.మీ. పొడవు. "సార్, దీన్ని తోయకండి, బరువుకు దానంతట అది దిగిన కాడికి దిగనివ్వండి" అన్నాడు. చెవులను ముందుగా మెల్లగా విప్పి ఆ మెట్ల కడ్డీని వదిలితే 26.4 మెట్టు దిగి, 26.6 మెట్టు మూతి దగ్గర ఆగింది. లోపలి వ్యాసం 26.6 అయినప్పుడు అదే వ్యాసమున్న మెట్టు స్వేచ్ఛగా దిగదు, దిగిన ఆఖరు మెట్టే మనకు కావలసిన పిల్లర్ సైజు. అంకెలు చదవనక్కర్లేదు, లెక్క కట్టనక్కర్లేదు.

చెవులు విప్పడం కూడా జాగ్రత్తగా చేయవలసిన పనే. స్క్రూడ్రైవరు చీలికలో దూర్చి తిప్పితే చెవులు విడతాయి గానీ, గొట్టం గుండ్రం చెడుతుంది. సరైన వ్యాసంలో కోసిన గుండ్రటి కడ్డీకి నూనె రాసి, మెల్లగా తిప్పుతూ దించితే గొట్టం దాని ఆకారానికి వస్తుంది.

ఇక్కడ చాలామంది ఒక సులువు దారి చెబుతారు: దొరికే పిల్లర్ దిగకపోతే ఫ్రేము గొట్టాన్నే రీమర్‌తో, అంటే రంధ్రాన్ని లోపల గీకి వెడల్పు చేసే పనిముట్టుతో, కొంచెం పెద్దది చేయడం. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. 24 గేజి గొట్టం గోడ అర మి.మీ.కి కాస్త పైన, 0.56 మాత్రమే. ఒక్కో వైపు 0.1 తీసినా గోడలో ఆరో వంతు పోయినట్టే, అది కూడా సీటు బరువంతా వంచడానికి చూసే చోట. అరిగిన పిల్లర్‌ను మళ్లీ చేయించుకోవచ్చు, 1970ల నాటి గొట్టానికి తీసేసిన లోహాన్ని తిరిగి పెట్టలేము. రెండో సులువు దారి, సన్నని పిల్లర్ చుట్టూ రేకు చుట్టడం, అన్ని సందర్భాల్లోనూ తప్పు కాదు. కూల్‌డ్రింకు డబ్బా రేకు సుమారు 0.1 మి.మీ. మందం, ఒక చుట్టు వేస్తే వ్యాసం 0.2 పెరుగుతుంది. ఒక్క మెట్టు తేడా ఉంటే, రేకు చీలిక పొడవంతా సమంగా కూర్చుంటే అది పనిచేస్తుంది. రెండు మూడు చుట్లు వేయవలసి వచ్చిందంటే అది మరమ్మతు కాదు, వాయిదా.

పిల్లర్ ఎంత బలంగా ఉండాలనేది తరవాతి ప్రశ్న. చూసేవారికి అది సీటును నిలువుగా మోస్తున్నట్టు అనిపిస్తుంది, నిజానికి అది వంపును భరిస్తుంది. సీటు గొట్టం నేలకు 72 డిగ్రీల దగ్గర వెనక్కి వాలి ఉంటుంది. లగ్గు పైన 150 మి.మీ. పిల్లర్ బయటికి ఉంటే, ఆ వాలు వల్ల దాని పై కొస మూతి కంటే సుమారు 46 మి.మీ. వెనక ఉంటుంది. క్లిప్పు సీటును మరో 40 మి.మీ. వెనక్కి పట్టిందనుకుంటే మనిషి బరువు పడేది మూతికి 86 మి.మీ. వెనక. 80 కిలోల మనిషి పూర్తిగా కూర్చుంటే దాదాపు 800 న్యూటన్ల బలం ఆ దూరంలో పనిచేసి, మూతి దగ్గర 69 న్యూటన్ మీటర్ల వంపు కలిగిస్తుంది. గుంతలో చక్రం పడినప్పుడు ఇది మూడింతలవుతుందని లెక్కవేసుకోవడం క్షేమం, అంటే 206.

26.4 మి.మీ. వ్యాసం, 2 మి.మీ. గోడ ఉన్న గొట్టానికి ఆ 206 న్యూటన్ మీటర్ల వల్ల కలిగే ఒత్తిడి సుమారు 237 మెగాపాస్కల్‌లు. సైకిలు సామానులో వాడే 6061-టి6 అల్యూమినియం 276 దగ్గర శాశ్వతంగా వంగడం మొదలుపెడుతుంది, కనుక మిగులు చాలా తక్కువ. అంతకంటే ముఖ్యమైన విషయం అలసట. ఉక్కుకు ఒక హద్దు ఉంటుంది, ఆ హద్దు కంటే తక్కువ ఒత్తిడి ఎన్ని లక్షల సార్లు వచ్చినా అది తట్టుకుంటుంది. అల్యూమినియానికి అలాంటి స్పష్టమైన హద్దు లేదు. ఏళ్ల తరబడి చిన్న చిన్న కుదుపులు పేరుకుని, ముందుగా వంగకుండా, ఒకనాడు లగ్గు మూతి దగ్గర పుట్టుక్కున తెగుతుంది. కంపెనీలు తమ అల్యూమినియం పిల్లర్లను యంత్రాల మీద లక్షలసార్లు పరీక్షించి విడుదల చేస్తాయి. ఒక్క ముక్క చేయించుకునే మనకు ఆ పరీక్ష లేదు. అందుకే సొంతంగా చేయించే పిల్లర్‌కు ఉక్కే సరైనదని నా నిశ్చితాభిప్రాయం. బరువు కొంత పెరిగినా, చెడేముందు వంగి చూపించే లోహం మీద కూర్చోవడం మంచిది.

ఏ ఉక్కు అన్నది కూడా తేల్చుకోవాలి. లేత్ షాపులన్నింటిలో తెలిసిన ఈఎన్-8 కడ్డీ సుమారు 280 మెగాపాస్కల్‌ల దాకా వంగకుండా నిలుస్తుంది, బాగా కోయబడుతుంది, ఖరీదు తక్కువ. 4130 క్రోమోలీ సీమ్‌లెస్ గొట్టం దొరికితే అది 430 దాటి నిలుస్తుంది, పలుచని గోడతో తేలిక పిల్లర్ వస్తుంది, కానీ చిల్లరగా అరమీటరు ముక్క అమ్మేవారు తక్కువ. స్టెయిన్‌లెస్ 304 తుప్పు పట్టదని చాలామంది అడుగుతారు. అది చూడడానికి బాగుంటుంది గానీ ఈఎన్-8 కంటే ముందే వంగుతుంది, లేత్ మీద టూలుకు అంటుకుంటుంది.

ఒక పైపు గురించి ప్రత్యేకంగా హెచ్చరించాలి. హార్డ్‌వేర్ షాపులో ముప్పావు ఇంచీ నీళ్ల పైపు బయటి వ్యాసం 26.9 మి.మీ. పేరుకు ముప్పావు ఇంచీ అన్నది లోపలి రంధ్రానికి సంబంధించిన పాత లెక్క, బయటి కొలత ఇంచీ దాటుతుంది. అర మి.మీ. కోస్తే 26.4 వచ్చేస్తుంది కనుక ఎంతో ఆశ పుడుతుంది. కానీ ఆ పైపు రేకును వంచి పొడవునా అతికించినది, మెత్తని ఇనుము, మందం కూడా చుట్టూ సమంగా ఉండదు. నీళ్ల ఒత్తిడికి చేసిన పైపును మనిషి వంపుకు వాడకూడదు.

మా పిల్లర్ కోసం 28 మి.మీ. ఈఎన్-8 కడ్డీ 250 మి.మీ. ముక్క తీసుకున్నాం. పొడవు తేల్చడానికి ముందు రెండు కొలతలు చూశాం: పెడల్ కింద ఉన్నప్పుడు కాలు దాదాపు చాచుకునేలా సీటు ఎంత ఎత్తుండాలి, లోపల ఎంత దిగాలి. లోపల దిగే పొడవు కనీసం 65 మి.మీ. అన్నది కంపెనీలు పాటించే లెక్క, దాంతోపాటు పిల్లర్ కింది కొస అడ్డ గొట్టం కింది అంచును దాటి ఉండాలి. లేకపోతే వంపు బలమంతా లగ్గు అంచు మీదే పడి ఫ్రేము పగులుతుంది. మేము 90 మి.మీ. లోపలికి, 150 బయటికి లెక్కవేసి మొత్తం 240 ఉంచాం. ఇంకా పొడవు పెంచితే భద్రత పెరుగుతుందనుకోవడం కూడా సరికాదు, ఎందుకంటే సీటు గొట్టం కింది భాగంలో గోడ లోపలివైపు మందమయ్యే చోట పిల్లర్ తగిలి ఆగిపోవచ్చు.

మొత్తం కడ్డీని అలాగే ఉంచితే 950 గ్రాముల దాకా తూగుతుంది. అందుకని కింది వైపు నుంచి 20 మి.మీ. రంధ్రం 150 మి.మీ. లోతు వేయించాం. బరువు 580కి దిగింది, మిగిలిన గోడ 3.2 మి.మీ., ముందు చెప్పిన వంపు లెక్కలో ఒత్తిడి 170 మెగాపాస్కల్‌ల దగ్గర ఆగింది. వంపును ఎదిరించేది ప్రధానంగా బయటి అంచున ఉన్న లోహం, మధ్యలో ఉన్నది ఊరికే బరువు. మెడ భాగాన్ని మాత్రం రంధ్రం లేకుండా గట్టిగా వదిలేశాం.

ఈ పనిలో వరుస చాలా ముఖ్యం. మేస్త్రీ ముందు రంధ్రం వేశాడు. సన్నని డ్రిల్లుతో మొదలుపెట్టి, ప్రతి పదీ పదిహేను మి.మీ.కి వెనక్కి లాగి చుట్టలు చుట్టలుగా వచ్చే ఇనుప పొట్టును దులిపి, నూనె పోసి, మళ్లీ దించాడు. రంధ్రం పూర్తయ్యాక దాని మూతికి వాలుగా చాంఫర్ కోసి, అందులో టెయిల్‌స్టాక్ సెంటర్ (కడ్డీ రెండో కొసకు ఆధారమిచ్చే మొన) నిలిపాడు. అప్పుడు గానీ బయటి వైపు కోత మొదలుపెట్టలేదు. రెండో కొసకు ఆధారం లేకుండా చక్‌లో (కడ్డీని పట్టి తిప్పే దవడల్లో) మాత్రమే పట్టి ఇంత పొడవు కోస్తే, టూలు ఒత్తిడికి కడ్డీ దూరపు కొస వెనక్కి జరిగి అక్కడ వ్యాసం ఎక్కువగా మిగులుతుంది. కంటికి ఆ వాలు కనిపించదు, గొట్టంలోకి దించితే సగంలో బిగిసిపోతుంది. అందుకే ప్రతి కోత తరవాతా మూడు చోట్ల మైక్రోమీటర్ పెట్టించాను. 26.45 దగ్గర టూలు ఆపి, మిగిలినది ఎమరీ కాగితంతో తీస్తే 26.38 వద్ద నిలిచింది. 26.6 గొట్టానికి అది హాయిగా సరిపోయే కొలత.

లావు ఒంటి నుంచి 22.2 మెడకు మారే చోటే మొత్తం పిల్లర్‌లో సున్నితమైన స్థలం. అక్కడ కచ్చితమైన మూలతో మెట్టు కోస్తే ఒత్తిడి అంతా ఆ గీత మీద పోగవుతుంది, ఏదో ఒక రోజు పగులు అక్కడే మొదలవుతుంది. అందుకని ఆ మార్పును 15 మి.మీ. పొడవైన వాలుగా చేసి, వాలు మొదలైన చోటా ముగిసిన చోటా టూలును గుండ్రంగా నడిపించమన్నాను, లేత్‌వారి మాటలో చెప్పాలంటే రేడియస్ ఇవ్వమన్నాను. రంధ్రం ముగిసే స్థానం ఈ వాలు మొదలయ్యే చోటు కంటే 15 మి.మీ. కిందనే ఉండేలా ముందే లెక్క చూసుకున్నాం. రెండు బలహీనతలు ఒకే చోట పడకూడదు.

ఇంకా పాత సైకిళ్లకు, ముఖ్యంగా మొదటి ప్రపంచ యుద్ధానికి ముందువాటికి, ఏడు అంకె ఆకారంలో వంగిన పిల్లర్లు ఉండేవి. సీటును ముందుకూ వెనక్కూ జరుపుకోవడానికి అడ్డ చేయి ఉన్న రకం అది. అలాంటిది చేయించవలసి వస్తే రెండు ఉక్కు ముక్కలను వెల్డింగు చేయడం కంటే, అడ్డ చేయిని నిలువు ముక్కలో వేసిన రంధ్రంలోకి దూర్చి ఇత్తడితో బ్రేజింగు చేయడం మేలు, ఎందుకంటే ఇత్తడి ఉక్కు కంటే తక్కువ వేడికి కరిగి కీలు అంతటా పాకుతుంది. అల్యూమినియంతో ఈ ఆకారం ప్రయత్నించకూడదు. 6061-టి6ను వెల్డింగు చేసిన చోట వేడిచికిత్సతో వచ్చిన బలంలో పెద్ద భాగం పోతుంది.

పైపూత గురించి రెండు మాటలు. నికెల్, దాని మీద క్రోమ్ వేయిస్తే పిల్లర్ పాతకాలపు మెరుపుతో ఫ్రేముకు అందమిస్తుంది, కానీ పూత 0.02 మి.మీ. పడినా వ్యాసం 0.04 పెరుగుతుంది. పూత వేయించాలనుకుంటే ఆ మేరకు లేత్ మీదే తగ్గించాలి. పూత వేసేవారు మెరుగు కోసం ముందుగా బఫింగు పడతారు, అది ఎక్కడ ఎంత తీసిందో చెప్పలేము. మా పిల్లర్‌ను నేను పూత లేకుండా, గ్రీజుతో మాత్రమే వదిలేశాను. లోపల ఉన్న భాగం తుప్పు నుంచి ఎలాగూ గ్రీజు కాపాడుతుంది, బయటి భాగాన్ని వారానికోసారి నూనెగుడ్డతో తుడుస్తున్నాను.

గ్రీజు లేకుండా పిల్లర్ దించడం పాత సైకిలుకు చేసే పెద్ద అపకారం. ఉక్కు గొట్టంలో అల్యూమినియం పిల్లర్ ఉన్నప్పుడు వాటి మధ్య తేమ చేరితే రెండు లోహాలూ కలిసి చిన్న బ్యాటరీలా పనిచేస్తాయి, అల్యూమినియం కరిగి తెల్లని పొడిగా మారుతుంది. ఆ పొడి లోహం కంటే ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది కనుక పిల్లర్ లోపలే ఉబ్బి గొట్టానికి అంటుకుపోతుంది. విశాఖ, కాకినాడ, మచిలీపట్నం వంటి ఉప్పుగాలి ఊళ్లలో ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. అలా బిగిసినప్పుడు చాలామంది మొదట చేసేది ఫ్రేమును మంటతో వేడి చేయడం, అది అల్యూమినియం విషయంలో తలకిందుల ఆలోచన. ఒకే వేడికి అల్యూమినియం ఉక్కు కంటే దాదాపు రెండింతలు వ్యాకోచిస్తుంది, అంటే వేడి చేస్తే పట్టు ఇంకా బిగుస్తుంది. అక్కడ చల్లబరచాలి, పిల్లర్‌లో మంచు నింపి అది కుంచించుకున్న క్షణంలో తిప్పాలి. ఉక్కు పిల్లర్ ఉక్కు గొట్టంలో తుప్పుతో పట్టినప్పుడైతే తుప్పు నూనె రోజుల తరబడి పోసి, పిల్లర్ తలను బలమైన బెంచి వైస్‌లో పట్టించి, ఫ్రేమునే చేతులతో తిప్పడం మంచి పద్ధతి. ఫ్రేము పొడవే అక్కడ మీటగా పనిచేస్తుంది. సుత్తితో కొట్టడం వల్ల మూతి పాడవుతుందే తప్ప పట్టు వదలదు.

కొత్త పిల్లర్ సరిపోయిందనడానికి గుర్తు బోల్టు దగ్గరే తెలుస్తుంది. సరైన సైజు పిల్లర్‌కు చీలిక రెండు చెవులూ దాదాపు సమాంతరంగా ఉండగానే సీటు నిలిచిపోతుంది, మామూలు స్పానరు పొడవే చాలు. చెవులు ముందుకు వాలి కొసలు కలుసుకుంటుంటే, లేదా స్పానరుకు గొట్టం తగిలించి బిగించవలసి వస్తుంటే, తప్పు బోల్టుది కాదు, పిల్లర్‌దే. మొదటి రోజు పిల్లర్ మీద మూతి దగ్గర సన్నని టేపు ముక్క అంటించి పది కిలోమీటర్లు తొక్కాను. టేపుకూ లగ్గుకూ మధ్య ఖాళీ ఏమీ మారలేదు, అంటే సీటు వెంట్రుకవాసి కూడా దిగలేదు. వారం తరవాత పిల్లర్ బయటికి తీసి, వాలు మొదలైన చోటా లగ్గు మూతి ఆనిన చోటా చుట్టూ భూతద్దంతో చూశాను, గీత ఏదీ లేదు. ఈ పరిశీలన మొదటి ఏడాది మూడు నాలుగు సార్లయినా చేయాలి.

మళ్లీ లోపలికి దించే ముందు ఆఖరి పని ఒకటి మిగిలింది. కింది కొస నుంచి 70 మి.మీ. దగ్గర, ఇంతకంటే పైకి లాగవద్దని చెప్పే గీత లేత్ మీద అతి తేలికగా గీయించాం. లోతుగా గీస్తే అదే పగులుకు దారి అవుతుంది. ఆ తరవాత మేస్త్రీ అంకెల పంచి పెట్టె తెరిచి, పిల్లర్ అడుగు అంచున, బలానికి నష్టంలేని చోట, రెండు, ఆరు, నాలుగు ఒక్కొక్క దెబ్బతో కొట్టాడు. చుక్క పంచి పెట్టెలో లేదు, ఆరుకూ నాలుగుకూ మధ్య సెంటర్ పంచితో తనే పెట్టాడు. మళ్లీ ఎప్పుడో ఈ ఫ్రేము ఎవరి చేతికి వెళ్లినా, పిల్లర్ తీసి అడుగు చూస్తే 26.4 అని కనిపిస్తుంది.